‘చూసి చేసేయండి’ అన్న మాట ఎంతవరకు అనుమతి అవుతుంది?

గేర్లు సరిగా పడటం లేదని మీరు సైకిల్‌ను మరమ్మతుకు ఇచ్చారు. దుకాణంవారు గేర్లు సరిచేయడానికి ఒక మొత్తం చెప్పారు. మీరు ఒప్పుకొని, ‘ఇంకేమైనా ఉంటే చూసి చేసేయండి’ అని చెప్పి వచ్చారు. రెండు రోజుల తరువాత వెళ్తే చైను, కాసెట్ (వెనక చక్రం మీది పళ్ల చక్రాల గుత్తి), గేరు కేబుళ్లు కొత్తవి వేసి, ముందు చెప్పినదానికి దాదాపు మూడు రెట్ల బిల్లు ఇచ్చారు. పైగా సీటు గొట్టం ఫ్రేములో బిగుసుకుపోయిందనీ, దాన్ని తీయడానికి ఎంతవుతుందో ముందుగా చెప్పలేమనీ అన్నారు. దుకాణాలన్నీ ఇలాగే చేస్తాయా, ఈ బిల్లు మొత్తం కట్టవలసిందేనా, ధర తెలియకుండా ఆ సీటు గొట్టం పని అప్పగించవచ్చా అని మీరు అడిగారు.

ఇరవై ఏళ్లకు పైగా సైకిళ్లు బాగుచేస్తున్నవాడిగా, అందులో ఎక్కువ కాలం సొంత దుకాణం నడిపినవాడిగా, నా అభిప్రాయం ముందే చెబుతాను. వాళ్లు చేసిన పని సరైనదే అయివుండవచ్చు. మిమ్మల్ని అడగకుండా చేయడం మాత్రం తప్పు. ఇలాంటి తగవుల్లో మెకానిక్కు ‘ఆ పని అవసరమే కదా’ అని వాదిస్తాడు, సైకిల్ ఇచ్చినవారు ‘నాకు చెప్పలేదు కదా’ అని వాదిస్తారు. ఇద్దరి మాటా నిజమే కాబట్టి వాదన ఎంతకీ తెగదు.

ముందు పని సంగతి చూద్దాం. చైనులో ఒక పిన్ను నుంచి తరువాతి పిన్నుకు దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. కాబట్టి కొత్త చైనులో ఇరవై నాలుగు లంకెల పొడవు సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. వాడకంలో పిన్నులూ, అవి తిరిగే చోట్లూ అరిగి ఆ పొడవు పెరుగుతుంది. దీన్నే మేము చైను సాగిందంటాము, నిజానికి లోహమేమీ సాగదు. మామూలు ఉక్కు స్కేలు పెట్టి చూసినప్పుడు అదే ఇరవై నాలుగు లంకెలు 12 అంగుళాల మీద అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వస్తే చైను సుమారు అర శాతం అరిగినట్టు. పదకొండు, పన్నెండు గేర్ల సన్నని చైన్లను ఆ దశలోనే మార్చాలి. అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ వస్తే అరుగుదల ఒక శాతం దాటినట్టు, అప్పటికి కాసెట్ పళ్లు కూడా ఆ చైనుకు తగ్గట్టు అరిగిపోయి ఉంటాయి. అలాంటి కాసెట్ మీద కొత్త చైను ఒక్కటే వేస్తే, పెడల్‌ను గట్టిగా తొక్కినప్పుడల్లా చైను పళ్ల మీద నుంచి జారుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు అలా జారితే మనిషి పడిపోయే ప్రమాదం ఉంది. అందుకని రెండూ కలిపి మార్చడం మోసమని వెంటనే అనుకోకండి. కేబుల్ విషయమూ అంతే. గేరు లివరు లోపల కేబుల్ పోగులు తెగి ఉన్నా, అవుటర్‌లో, అంటే కేబుల్ నడిచే పై తొడుగులో, తుప్పు పట్టినా, స్క్రూలు ఎంత తిప్పినా గేర్లు ఒక కుదురుకు రావు.

అయితే చైను కొలవడానికి ఒక నిమిషం కూడా పట్టదు. మీరు సైకిల్ తెచ్చినప్పుడే దాన్ని స్టాండుకు ఎక్కించి, మీ ఎదుటే చైను కొలిచి, గేరు హ్యాంగరు (వెనక గేరు యంత్రాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క) వంగిందేమో చూసి, లివరు నాలుగుసార్లు మార్చి చూసివుంటే, ఈ మూడు వస్తువులూ మార్చవలసి వస్తుందన్న సంగతి అక్కడికక్కడే తెలిసేది. అవి సైకిల్ విప్పితే తప్ప బయటపడని లోపాలు కావు. ఆ దుకాణంవారి అసలు పొరపాటు నా లెక్కలో ఇక్కడే ఉంది. వాళ్లు సైకిల్ చూడకుండా ధర చెప్పారు, చూసిన తరువాత దాన్ని సవరించి మీకు తెలపలేదు.

ధర ఎలా కడతారో తెలిస్తే బిల్లులో ఏది అడగదగినదో మీకు స్పష్టమవుతుంది. లేబరు గంటకు ఇంత అని దుకాణం వేసుకునే లెక్క మెకానిక్కు చేతికి వచ్చే జీతం కాదు. అద్దె, పనిముట్లు, కరెంటు, గ్రీజు, డీగ్రీజరు, సైకిల్ తీసుకుని రాసుకునే సమయం, సామాను వెతికి తెప్పించే సమయం, పని పూర్తయ్యాక తొక్కి చూసే సమయం, గ్యారంటీ కింద మళ్లీ ఉచితంగా చేయవలసి వచ్చే పని, ఇవన్నీ అందులో నుంచే రావాలి. ఎనిమిది గంటలు దుకాణం తెరిచి ఉంచినా, ఐదు గంటలకు మించి బిల్లు వేయగలిగిన రోజులు నాకు తక్కువే. చాలా దుకాణాలు ప్రతి పనికీ గంటలు లెక్కపెట్టకుండా, పంక్చరుకు ఇంత, చక్రం బెండు తీయడానికి ఇంత అని సగటు సమయాన్ని బట్టి స్థిరమైన ధరల పట్టిక పెట్టుకుంటాయి. ఒక సైకిల్‌కు తొందరగా అయిపోతుంది, మరొకదానికి ఆలస్యమవుతుంది, రెండూ సర్దుకుంటాయి. ఈ పద్ధతి ఇచ్చేవారికీ మంచిదే, ఎందుకంటే మెకానిక్కు నెమ్మదిగా పనిచేస్తే ఆ నష్టం వారి మీద పడదు.

సామాను ధర దగ్గర చాలామందికి అనుమానం వస్తుంది. అదే చైను ఇంటర్నెట్‌లో తక్కువకు దొరుకుతుంటే దుకాణంలో ఎందుకు ఎక్కువ అని అడుగుతారు. మీ సైకిల్‌కు ఏ చైను సరిపోతుందో తేల్చడం, దాన్ని నిల్వ ఉంచడం, లోపం ఉంటే మార్చి ఇవ్వడం, తప్పు వస్తువు వస్తే నష్టం భరించడం ఆ తేడాలో ఉన్నాయి. మీరే సామాను కొని తెస్తే వేసి ఇచ్చే దుకాణాలున్నాయి, కానీ అప్పుడు లేబరు పూర్తిగా తీసుకుంటారు, వస్తువుకు హామీ ఇవ్వరు. అది న్యాయమే. న్యాయం కానిది, ఏ వస్తువుకు ఎంత, ఏ పనికి ఎంత అని విడదీయకుండా ఒకే అంకె వేసి ఇవ్వడం. అలాంటి బిల్లు వస్తే విడదీసి రాయమని అడగడానికి మీరు మొహమాటపడనక్కరలేదు. మరొక చిన్న జాగ్రత్త కూడా ఉంది. ‘ఫుల్ సర్వీస్’ అని రాసిన ధరలో సాధారణంగా లేబరు మాత్రమే ఉంటుంది, మార్చే సామాను వేరు. ఆ ఒక్క సంగతి కౌంటరు దగ్గర స్పష్టంగా చెప్పకపోవడం వల్ల పుట్టే గొడవలు లెక్కలేనన్ని.

ఇక విప్పితే తప్ప తెలియని లోపాల సంగతి. చక్రం బెండు తీయమని ఇస్తారు. పుల్లలను రిమ్ముకు బిగించే చిన్న నట్లు, అంటే నిపుల్స్, తుప్పుపట్టి రిమ్ములో పట్టేసి ఉంటే, ఒకటి తిప్పగానే పుల్ల తెగుతుంది, దాని పక్కది మెలి తిరుగుతుంది, పావుగంట పని కొత్త చక్రం దాకా పోతుంది. హబ్బు, అంటే చక్రం మధ్య భాగం, వదులుగా ఉందని తెస్తారు. విప్పి చూస్తే లోపల బేరింగు గుళ్లు దొర్లే కోను మీద గుంటలు పడి ఉంటాయి, గ్రీజు పెట్టి బిగించినంత మాత్రాన అది బాగుపడదు. హైడ్రాలిక్ బ్రేకు మెత్తబడిందంటారు, ఆయిల్ మార్చి గాలి తీస్తే సరిపోతుందనుకుంటాము. కానీ అంతకు ముందు ఎవరో మినరల్ ఆయిల్ పోయవలసినదానిలో డాట్ ద్రవం (వేరే రకం బ్రేకు ద్రవం) పోసి ఉంటే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బిపోయి ఉంటాయి, అప్పుడు బ్రేకే మార్చాలి. ఇలాంటివి ఏ అనుభవజ్ఞుడికీ బయట నుంచి చూసి తెలియవు. అందుకే మంచి మెకానిక్కు ఇలాంటి పనులకు ఒకే అంకె చెప్పడు. తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత అని రెండూ చెబుతాడు. నేనైతే పెద్ద అంకెను ముందు చెప్పడం అలవాటు చేసుకున్నాను. వినేవారికి మొదట విన్న అంకె గుర్తుండిపోతుంది. చిన్నది ముందు చెబితే తరువాత పెద్దది ఎన్నిసార్లు చెప్పినా ‘మీరు ఇంతే అన్నారు’ అంటారు, అందులో వారి తప్పు లేదు.

విప్పడానికే సమయం పట్టే పనులకు చూపు రుసుము అని ఒకటి తీసుకోవచ్చు. విప్పి చూసి లోపం చెప్పడానికి ఇంత, పని కొనసాగిస్తే అది బిల్లులో తగ్గిస్తాము, వద్దంటే అది కట్టి సైకిల్ తీసుకుపోవచ్చు అని ముందే చెబితే ఎవరూ నొచ్చుకోరు. వద్దన్నప్పుడు సైకిల్‌ను తిరిగి బిగించి ఇస్తారా, విప్పిన స్థితిలో ఇస్తారా అన్నది కూడా అప్పుడే అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే బిగించడానికీ సమయం పడుతుంది.

అనుమతి తీసుకునే పద్ధతి నా దుకాణంలో ఇలా ఉండేది. జాబ్ కార్డు, అంటే ఒక్కో సైకిల్‌కు పని రాసుకునే కాగితం, మీద సైకిల్ ఇచ్చినవారు చెప్పిన ఇబ్బంది వారి మాటల్లోనే రాసేవాళ్లం. ‘డిరైలర్ (చైనును గేరు నుంచి గేరుకు జరిపే భాగం) సర్దాలి’ అని మా నిర్ణయం రాయకుండా, ‘మూడో గేరులో టకటక చప్పుడు వస్తోంది’ అని రాసేవాళ్లం. పని పూర్తయ్యాక ఆ చప్పుడు పోయిందా లేదా అని తొక్కి చూడటానికి అదే ఆధారం. దాని కింద ఒప్పుకున్న పనులు, అంచనా, ఆ కింద ఒక గీత: ‘ఇంత మొత్తం వరకు అడగకుండా చేయవచ్చు’. ఆ అంకె వారే వేయాలి. కొందరు సున్నా వేసేవారు, అంటే ప్రతి చిన్నదానికీ అడగమని. కొందరు అంచనా మీద పది శాతం వేసేవారు. ఇంకొందరు దూరప్రయాణానికి వెళ్లేముందు తెచ్చి, ఎంతైనా ఫరవాలేదు, దారిలో ఆగకూడదు అని రాసి ఇచ్చేవారు. ఆ గీత దాటవలసి వస్తే పని ఆపి ఫోన్ చేయాలి లేదా అరిగిన భాగం ఫోటోతో సందేశం పంపాలి. సందేశంలో లోపం ఏమిటి, మార్చకపోతే ఏమవుతుంది, ఎంతవుతుంది, ఎంత ఆలస్యమవుతుంది అన్న నాలుగూ ఉండాలి, వారు ‘సరే’ అన్న జవాబు మా దగ్గర రాతలో మిగలాలి. జవాబు రాకపోతే సైకిల్‌ను స్టాండు దించి పక్కన పెట్టేవాళ్లం. స్టాండు ఖాళీగా ఉండకపోవడమే దుకాణానికి రాబడి కాబట్టి, విప్పిన సైకిల్‌ను మధ్యలో దించి మళ్లీ ఎక్కించడం నిజంగానే నష్టం. మెకానిక్కులు అడగకుండా చేసేయడానికి దురాశ కంటే ఎక్కువసార్లు ఈ ఒత్తిడే కారణమని నేను అనుకుంటున్నాను. కారణం అర్థమవుతుంది కానీ దాని భారం మీ మీద వేయడం సరికాదు.

ఈ పద్ధతి నాకు మొదటి నుంచీ లేదు. దుకాణం పెట్టిన కొత్తలో ఒకాయన బ్రేకులు పట్టడం లేదని సైకిల్ ఇచ్చారు. చూస్తే చైను, ఫ్రీవీలు (వెనక చక్రం పళ్ల భాగం) పూర్తిగా అరిగి ఉన్నాయి. సామాను కొన్న ధరకే వేసి, లేబరు కూడా తీసుకోకుండా ఆ రెండూ మార్చాను. మేలు చేశానన్న సంతోషంతో బిల్లు ఇచ్చాను. ఆయన మాట్లాడకుండా డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, వెళ్లేముందు ఒక్క మాట అన్నారు: ఇంకో పది రోజుల్లో ఊరు మారిపోతున్నామనీ, ఆ సైకిల్‌ను ఇక్కడే ఎవరికో ఇచ్చేస్తున్నామనీ, ఆ పది రోజులు బ్రేకు పడితే చాలనీ. నేను అడిగివుంటే ఆ సంగతి ముందే చెప్పేవారు. సైకిల్ ఏ స్థితిలో ఉందో నాకు తెలుసు, ఆ సైకిల్‌తో ఆయనకు ఏం పని ఉందో ఆయనకు మాత్రమే తెలుసు. రెండోది తెలియకుండా ‘అవసరం’ అన్న మాట వాడే హక్కు నాకు లేదని ఆ రోజు అర్థమైంది. ఆ డబ్బు తిరిగి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అందుకే మీరు అన్న ‘చూసి చేసేయండి’ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. మీ మనసులో దానికి అర్థం, చిన్నాచితకా స్క్రూలు బిగించడం, నూనె వేయడం వంటివి చేయమని. మెకానిక్కు చెవికి అది పూర్తి స్వేచ్ఛ. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు. అయినా ఆ మాటకు హద్దు అడిగి రాసుకోవలసిన బాధ్యత, రోజూ ఈ పని చేసే దుకాణం మీదే ఎక్కువ ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. సైకిల్ ఇచ్చేవారు ఏడాదికి ఒకసారి ఆ మాట అంటారు, దుకాణం రోజుకు పదిసార్లు వింటుంది. ఒక మాట ఎక్కడ గొడవకు దారితీస్తుందో పదిసార్లు విన్నవారికి తెలిసి ఉండాలి.

భద్రత విషయంలో మాత్రం మెకానిక్కుకు ఒక హక్కు ఉంది, దాన్ని తప్పుగా అర్థం చేసుకోకండి. ఫోర్కులో పగులు కనిపించినా, రిమ్ము అంచు అరుగుదల గుర్తు దాటినా, బ్రేకు కేబుల్ పోగులు తెగినా, ‘అది వదిలేసి గేర్లు మాత్రం చేయండి’ అంటే దుకాణం ఆ పని నిరాకరించవచ్చు. కానీ నిరాకరించడం వేరు, అడగకుండా మార్చి బిల్లు వేయడం వేరు. యజమాని వద్దంటే లోపం ఏమిటో జాబ్ కార్డు మీద రాసి, వారికి చెప్పామని సంతకం తీసుకుని, సైకిల్ తిరిగి ఇచ్చేయాలి. మీ విషయంలో మార్చిన వస్తువులేవీ ఈ కోవలోకి రావు. అరిగిన చైనూ, అరిగిన కాసెట్టూ కలిసి అరిగాయి కాబట్టి ఇంకొన్నాళ్లు ఎలాగో నడిచేవి.

చట్టం సంగతి దేశాన్ని బట్టి మారుతుంది. మోటారు వాహనాల మరమ్మతుకు కొన్నిచోట్ల స్పష్టమైన నియమాలున్నాయి. కాలిఫోర్నియాలో రాతపూర్వక అంచనా ఇవ్వాలి, దాన్ని మించాలంటే మళ్లీ అనుమతి తీసుకోవాలి. కెనడాలోని ఒంటారియోలో తుది బిల్లు అంచనాను 10 శాతానికి మించి దాటకూడదు. ఇవి మోటారు బండ్ల మరమ్మతు నియమాలు, సైకిల్ దుకాణాలకు అన్నిచోట్లా వర్తిస్తాయని అనుకోకండి. అయినా ఆ 10 శాతం హద్దు ఏ మరమ్మతుకైనా న్యాయమైన కొలతే అనిపించి నేను పాటించాను. ఇంకొక వైపు, బిల్లు కట్టేవరకు బాగుచేసిన వస్తువును దగ్గర ఉంచుకునే హక్కు చాలా దేశాల చట్టాలు మరమ్మతు చేసినవారికి ఇస్తాయి. ఆ హక్కు యజమాని చేయమన్న పనికి సంబంధించినది. అడగని పనికి కూడా అది వర్తిస్తుందని దుకాణంవారు అంటే ఒప్పుకోనక్కరలేదు. అయితే కౌంటరు దగ్గర చట్టం ఎత్తడం కంటే, కింద చెప్పిన మాటతో పని త్వరగా తెములుతుంది.

మీరు దుకాణానికి వెళ్లి, మొదట తీసేసిన పాత చైను, కాసెట్ చూపమని అడగండి. చైను కొలవండి. నేను చెప్పిన ఎనిమిదో వంతు తేడా కనిపిస్తే వాళ్ల నిర్ణయం సరైనదే. అప్పుడు మొదట ఒప్పుకున్న మొత్తం పూర్తిగానూ, సామానుకు దాని ధరా కడతాననీ, చెప్పకుండా చేసిన పనికి లేబరు మాత్రం తీసేయమనీ అడగండి. మీరు ఆ సైకిల్ ఇంకా ఏళ్లపాటు తొక్కబోతున్నారు కాబట్టి కొత్త సామాను మీకు వృథా కాదు, దుకాణంవారికి చేతి నుంచి సామాను నష్టం రాదు. చైను కొలత 12 అంగుళాల దగ్గరే ఉంటే, లేదా ఆ ఖర్చు ఇప్పుడు మీకు భారమైతే, కొత్తవి విప్పి పాతవి తిరిగి వేయమని అడిగే హక్కు మీకుంది. పాత సామాను పారేశామని వాళ్లు చెబితే, ఆ పని అవసరమని చూపే ఆధారాన్ని వాళ్లే పోగొట్టుకున్నారు. అప్పుడు సామాను ధరలో కూడా తగ్గింపు కోరడం న్యాయం. నా అనుభవంలో, గొంతు పెంచకుండా ఈ మాట అడిగితే పేరు కాపాడుకోవాలనుకునే ఏ దుకాణమైనా ఒక మెట్టు దిగుతుంది.

చివరగా సీటు గొట్టం. ధర ముందే చెప్పలేమన్న వాళ్ల మాట ఇక్కడ నూటికి నూరుపాళ్లు నిజం. ఉక్కు ఫ్రేములో అల్యూమినియం గొట్టం ఏళ్లతరబడి గ్రీజు లేకుండా ఉంటే, తేమ చేరి అల్యూమినియం మీద ఆక్సైడు పొర పెరుగుతుంది, అది ఉన్న కొద్దిపాటి ఖాళీనీ నింపి గొట్టాన్ని పట్టేస్తుంది. పది నిమిషాల్లో ఊడివచ్చినవీ చూశాను, పూట పూటంతా తిన్నవీ చూశాను. కాబట్టి ఈ పనిని ఒకే ధరకు కాకుండా దశలవారీగా అప్పగించండి. మొదటి దశలో తుప్పు వదిలించే నూనె పోసి, ఒకటి రెండు రోజులు నానబెట్టి, సీటు పట్టుకుని మెలితిప్పి చూడటం. దీనికి ఒక స్థిరమైన చిన్న మొత్తం చెప్పమనండి. రాకపోతే రెండో దశలో సీటు తీసేసి గొట్టం తలను వైస్‌లో (బల్లకు బిగించిన ఇనుప పట్టకారులో) బిగించి ఫ్రేమునే తిప్పుతారు. ఇందులో గొట్టం పాడవుతుంది కాబట్టి కొత్త గొట్టం ధర కూడా కలిపి చెప్పాలి. అదీ కుదరకపోతే గొట్టాన్ని పైన కోసి, లోపల నుంచి రంపపు బ్లేడుతో నిలువునా చీల్చి తీయాలి. అది గంటల పని, బ్లేడు ఏమాత్రం జారినా ఫ్రేముకు గాటు పడుతుంది. ఫ్రేము కార్బన్‌ది అయితే వేడి చేయడానికి, వైస్‌లో పెట్టి బలవంతంగా తిప్పడానికి ఒప్పుకోకండి. ఒక దశ దాటి మరో దశకు వెళ్లేముందు మీకు ఫోన్ చేయాలనీ, మీరు సరే అనేవరకు సైకిల్ పక్కన ఉంచాలనీ జాబ్ కార్డు మీద రాయించండి. ప్రస్తుతం సీటు మీ ఎత్తుకు సరిగ్గానే ఉండి, మరొకరు ఆ సైకిల్ తొక్కే అవసరం లేకపోతే, మొదటి దశతో ఆపేసి మూడో దశ డబ్బును ఫ్రేము మార్చే రోజుకు దాచుకోమని నా సలహా.